ఒక పొలానికి ఇద్దరు

పోయిన వారం మనం సుబ్బరత్నాన్ని బెజవాడ గవర్నరుపేటలో సమాఖ్య ఆఫీసు మేడ మీద, నల్లబల్ల ముందు, వేళ్లకంటిన సుద్దపొడి అయినా దులుపుకోకుండా నిలబడి ఉండగా వదిలి వచ్చాం. డెల్టా రైతుల సహకార సమాఖ్య హైదరాబాదులో కంప్యూటరు అద్దెకు తీసుకోబోతోంది. ఎరువుల కోటాలూ విత్తనాల కేటాయింపులూ ఇకమీదట దాని లెక్క ప్రకారమే జరుగుతాయి. అందుకు కావలసిన చదువు చెప్పడానికి రామతులసి గారు హైదరాబాదు నుంచి వచ్చారు. శిక్షణకు ఎంపికైన ఆరుగురిలో ఒకరిని హైదరాబాదులో పెట్టే కొత్త డేటా విభాగానికి అధికారిగా పంపిస్తారు. ఆ ఒక్కరూ తనేనని సుబ్బరత్నం అనుకుంది, ఆఫీసంతా అనుకుంది. అలాంటిది, తను జనరల్ మేనేజరుతో వాదించి మరీ ఆ ఆరుగురిలో పేరు వేయించిన హన్నా, మొన్న మొన్న ఉద్యోగంలో చేరిన పిల్ల, బల్ల దగ్గరికి వచ్చి సుబ్బరత్నం గీసిన గీతను అరచేత్తో తుడిచేసింది.

ఎందుకు తుడిచిందో ఇప్పుడు చెప్పాలి.

రామతులసి గారి పాఠంలో కంప్యూటరు ఊసే ఉండేది కాదు. "దాన్ని కాసేపు మరిచిపోండి" అనేవారు ఆవిడ మొదటిరోజు నుంచీ. "మీ సమాఖ్యలో ఉన్నవి ఏమిటి? రైతు ఉన్నాడు, పొలం ఉంది, ఊళ్లో సంఘం ఉంది, ఎరువు ఉంది. ఒక్కోదానికీ ఒక్కో గడి గియ్యండి. ఏ గడికి ఏ గడితో ఏం సంబంధమో గీత గీసి చూపించండి. ఒక విషయం ఒక్కచోటే ఉండాలి. గీత తప్పు గీశారంటే ఆ తప్పు తరవాత ఎవరూ దిద్దలేరు, యంత్రం దాన్నే నిజమంటుంది." దీన్ని ఇంగ్లీషులో డేటా అనాలిసిస్ అంటారనీ, గడులూ గీతలూ కుదిరాక వచ్చేది లాజికల్ డేటాబేస్ డిజైన్ అనీ చెప్పారు. నలభై దాటిన మనిషి. మచిలీపట్నంలో పుట్టి బొంబాయిలో పనిచేసి వచ్చారు. నేత చీర కట్టుకుని, తల నెరిసినా రంగు వేసుకోకుండా, గట్టిగా మాట్లాడకుండానే ఆరుగురినీ కదలకుండా కూర్చోబెట్టేవారు. మగాళ్ల ఆఫీసులో ఇన్నేళ్లు నెట్టుకొచ్చిన సుబ్బరత్నానికి, ఇలాంటి ఆడమనిషి ఒకరు ఉంటారని అంతకుముందు తెలియదు. ఆవిడ చేత శభాష్ అనిపించుకోవాలని స్కూలు పిల్లకి పుట్టినట్టు ఆశ పుట్టింది.

ఆ ఆశే మెల్లగా విషం అయింది. ఆవిడ అందరినీ మీరనేవారు, హన్నాని తప్ప. "సుబ్బరత్నం గారూ, మీరు చెప్పండి" అనేవారు. పక్కకి తిరిగి "హన్నా, నువ్వేమంటావే" అనేవారు. ఆ 'గారు' వినబడినప్పుడల్లా సుబ్బరత్నానికి తనని ఎవరో మర్యాదగా గుమ్మం అవతల నిలబెట్టినట్టుండేది. మధ్యాహ్నం క్యారియర్లు విప్పితే ఆవిడ హన్నా గిన్నెలోంచి చేపల పులుసు వేయించుకునేవారు. సుబ్బరత్నం తెచ్చిన కందిపొడి, నెయ్యీ "బాగుందండీ" అని ఒక ముద్ద తిని ఊరుకునేవారు. ఇవన్నీ చిన్న విషయాలని సుబ్బరత్నానికి తెలుసు. తెలిసి ఊరుకోలేకపోవడమే ఆమె బాధ.

ఆ మంగళవారం రామతులసి గారు, "పొలానికీ రైతుకీ ఏమిటి సంబంధం?" అని అడిగారు. సుబ్బరత్నం లేచి వెళ్లి పొలం గడి నుంచి రైతు గడికి ఒకే గీత గీసింది. పొలం పాసుపుస్తకంలో ఎవరి పేరుంటే వాళ్లే రైతు. పదమూడేళ్లుగా సమాఖ్య కాగితాలన్నీ అలాగే నడిచాయి. అప్పుడు హన్నా లేచి వచ్చింది.

"ఇది కాదక్కా" అంటూ తుడిచేసి, "పొలానికి ఇద్దరు మేడమ్. సొంతదారు ఒకడు, దున్నేవాడు ఒకడు" అని పొలం గడి నుంచి రెండు గీతలు గీసింది. ఒకదాని మీద 'సొంతం' అనీ, రెండోదాని మీద 'కౌలు' అనీ రాసింది. "మాది అవనిగడ్డ అవతల. ఉప్పెన వచ్చిన ఏడు, చేలన్నీ ఉప్పు పట్టిపోయాక సమాఖ్య విత్తనాలు పంపింది. పంపింది ఎవరికి? కాగితం మీద పేరున్నవాళ్లకి. వాళ్లు సగంమంది ఇక్కడ బెజవాడలో ఉన్నారు. మా నాన్న ఏసుపాదం, ఆ చేను మడిగట్టిన మనిషి, డిపో చుట్టూ తిరిగి తిరిగి ఉత్త సంచీతో ఇంటికొచ్చాడు. ఈ గీత ఒక్కటే ఉంటే కంప్యూటరు కూడా అదే చేస్తుంది. ఇంకా తొందరగా చేస్తుంది, అంతే."

రామతులసి గారు నల్లబల్ల వంక చూసి, హన్నా భుజం మీద చెయ్యి వేసి, "నేను చెప్పదలుచుకున్న పాఠం ఇదే. నువ్వు చెప్పేశావు" అన్నారు.

సుబ్బరత్నం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్న సంగతే అది. కంకిపాడు దగ్గర వాళ్ల నాన్న వెంకటప్పయ్య పొలం రత్తయ్య కౌలుకి చేస్తాడు. అంతకు ముందు ఇంకొకడు చేసేవాడు. రెండు పంటలకోసారి మనిషిని మారుస్తాడు నాన్న. కాగితం రాయడు. కౌలు నోటిమాట మీదే. కాబట్టి హన్నా చెప్పింది నిజమని సుబ్బరత్నానికి ఆ గదిలో అందరికంటే బాగా తెలుసు. తనకి తట్టకపోవడం ఎందుకో కూడా తెలుసు. ఆ భుజం మీద చెయ్యి మాత్రం కళ్లముందు నుంచి పోలేదు.

మర్నాడు ఉదయం ఆమె వెంకటసుబ్బారావు గారి గదికి వెళ్లింది. ఆయన సమాఖ్య జనరల్ మేనేజరు. వెళ్లింది నిజానికి ఎరువుల నెలవారీ రిపోర్టు మీద సంతకానికే. దారిలో మెట్లు దిగుతున్నంతసేపూ తనకి తను అదే చెప్పుకుంది. సంతకం అయింది. కాగితాలు సర్దుకుంది. లేవబోయి ఆగింది.

"నాకో అనుమానం వచ్చి అడుగుతున్నానండీ" అంది.

"చెప్పండి."

"క్లాసులో కొత్త పటం గీస్తున్నారు. ప్రతి పొలానికీ సొంతదారు పేరుతో పాటు, చేసే కౌలుదారు పేరు కూడా ఎక్కిస్తామంటున్నారు. మనవాళ్లకి అది ఇబ్బంది కాదు గదా?"

వెంకటసుబ్బారావు గారు కళ్లజోడు తీశారు. ఆయనకి ఉయ్యూరు వైపు మాగాణి ఉంది. సమాఖ్య డైరెక్టర్లలో పొలం లేనివాడు ఒక్కడూ లేడు.

"కౌలుదారు పేరా? అచ్చులోనా?"

"కంప్యూటరు అచ్చువేసి ఇస్తుందండీ. ఏ సర్వే నంబరు ఎవరు చేస్తున్నారో, ఎన్నాళ్లబట్టి చేస్తున్నారో."

"రేపు వాడు ఆ కాగితం పట్టుకుని కౌలు హక్కని కోర్టుకెక్కితే?"

"అదేనండీ నాకూ తోచింది" అంది సుబ్బరత్నం. గొంతు మామూలుగానే వచ్చింది. హన్నా పేరు తను ఎత్తలేదు. ఆయనే అడిగారు, ఎవరి ఆలోచన అని. ఆమె కొంచెం ఆలస్యం చేసి, "పిల్ల మంచిదేనండీ. తెలియక" అంది. ఆ ఆలస్యం, ఆ 'తెలియక', రెండూ ఆమె కావాలని చేసినవే.

బయటికి వచ్చాక వరండాలో నిలబడి బీసెంట్ రోడ్డు మీద రిక్షాలు పోతుంటే చూసింది. తేలికగా ఉంటుందనుకుంది. ఆకలేసినట్టయింది, అంతే. ఆ పిల్లకి ఏమీ కాదు, ఒక గీత పోతుంది, పటం మళ్లీ నా దగ్గరికి వస్తుంది అని సర్దిచెప్పుకుంది. సాయంత్రం క్లాసు అయ్యాక హన్నా తనతో పాటు బస్‌స్టాపు దాకా నడిచి, "అక్కా, నిన్న అందరి ముందూ తుడిచేశాను. నీకు కష్టమేసిందా?" అని అడిగితే, "పిచ్చిదానా, అదేముంది" అంది. పటమట బస్సు వచ్చేదాకా ఇద్దరూ వేరుశనక్కాయలు తింటూ నిలబడ్డారు. హన్నా నవ్వుతుంటే ఎదుటి పళ్ల మధ్య సందు కనబడింది. ఏమంత అందగత్తె కూడా కాదు, అనుకుంది సుబ్బరత్నం, సంబంధం లేకుండా.

శుక్రవారం మధ్యాహ్నం వెంకటసుబ్బారావు గారు స్వయంగా మేడ మీదికి వచ్చారు. క్లాసులో కుర్చీ లాక్కుని కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి మాట్లాడారు.

"సోమవారం డైరెక్టర్ల మీటింగులో ఈ పటం చూపిస్తాం గదా. పొలానికి రైతు ఒక్కడే. మన కాగితాలు ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి. పటం సుబ్బరత్నం గారు గీస్తారు, మీటింగులో కూడా ఆవిడే వివరిస్తారు." తరవాత హన్నా వైపు చూడకుండా, "హన్నా సేవలు కంకిపాడు డిపోలో కావాలి. సోమవారం నుంచి అక్కడ రిపోర్టు చెయ్యాలి" అన్నారు.

"ఆ అమ్మాయికి శిక్షణ ఇంకా పూర్తి కాలేదండీ" అన్నారు రామతులసి గారు.

"మాకు సరిపోయినంత అయిందండీ" అని ఆయన మెట్లు దిగి వెళ్లిపోయారు.

మిగిలిన నలుగురూ కళ్లు కిందికి దించుకుని పుస్తకాలు సర్దుకున్నారు. టీ తాగొస్తామని ఒకరి వెనక ఒకరు జారుకున్నారు. గదిలో ముగ్గురు ఆడవాళ్లు మిగిలారు. ఫ్యాను తిరుగుతోంది. సుబ్బరత్నం తన పుస్తకం మూసింది. డిపో. తను ఒక గీత పోవాలనుకుంది. మనిషి పోవాలనుకోలేదు. అనుకోలేదా అని లోపల ఇంకెవరో అడిగారు.

హన్నా ఏడవలేదు. బల్ల మీద మోచేతులు ఆనించి, నేరుగా రామతులసి గారి వైపు చూసింది.

"మీరు చెప్పారు మేడమ్."

"ఏం చెప్పాను?"

"పటం సంగతి ఆయనకి చెప్పింది మీరే. బుధవారం సాయంత్రం మీరు ఆయన గదిలో చాలాసేపు ఉన్నారు. నేను చూశాను. ఇక్కడేమో పాఠం నువ్వే చెప్పావే అన్నారు, అక్కడికెళ్లి నన్ను అప్పగించారు. పెద్దవాళ్లతో మీకు పని ఉంటుంది, నాకు తెలుసు. ముందే చెప్పుంటే నేనే తుడిచేసేదాన్ని గదా."

రామతులసి గారి మొహంలో రంగు మారింది గాని గొంతు మారలేదు. "నేను ఆయన గదికి వెళ్లిన మాట నిజం. ఎందుకెళ్లానో ఇప్పుడు చెప్పక తప్పదు కాబట్టి చెబుతున్నాను. హైదరాబాదుకి ఎవరిని పంపాలో నా సిఫారసు అడిగారు. రాశాను."

సుబ్బరత్నం వింటున్నట్టు కనబడకుండా వింటోంది.

"నీ పేరు రాయలేదు" అన్నారు రామతులసి గారు. "సుబ్బరత్నం గారి పేరు రాశాను."

ఫ్యాను కింద కాగితాలు కొంచెం లేచి పడ్డాయి. సుబ్బరత్నానికి ముందు ఆ మాట అర్థం కాలేదు.

"నీకు కోపం రాకూడదు హన్నా" అంటున్నారు ఆవిడ. "నువ్వు ఉన్నదున్నట్టు చూడగలవు. అది నేర్పితే వచ్చేది కాదు. అందుకే నిన్ను అంత దగ్గరికి తీసుకుని, అంతగా తిట్టి చెప్పాను. కానీ ఒక ఆఫీసుని కదపాలంటే చూడ్డం ఒక్కటే చాలదు. ఎవరిని ఎప్పుడు ఎలా ఒప్పించాలో తెలియాలి. ఇన్నేళ్లు వీళ్ల మధ్య నిలబడిన మనిషికి అది తెలుసు. ఆవిడ అధికారి, నువ్వు ఆవిడ పక్కన. మీరిద్దరూ ఉంటే ఆ రెండు గీతలూ నిలుస్తాయి అనుకున్నాను. అదే రాశాను కూడా. మొదటిరోజు నుంచీ నా లెక్క అదే. ముందుగా చెబితే చదువు మానేస్తారని చెప్పలేదు."

సుబ్బరత్నం తల వంచుకుంది. చేతిలో ఉన్న పెన్సిలు మొనని గోటితో గిల్లుతోంది. ఆవిడ తనని మీరనడం దూరం పెట్టడం కాదని, లెక్కలో పెట్టడమని ఆమెకి ఆ నిమిషంలో తెలిసింది. ఇన్నాళ్లూ ఆ పిల్లని చూసి ఏడ్చిన ఏడుపంతా ఎందుకు ఏడ్చినట్టు? బుధవారం ఉదయం తను కింద ఆ గదిలో కూర్చుని గొంతు సర్దుకుని మాట్లాడుతున్నప్పుడు, అదే సాయంత్రం ఆవిడ అదే కుర్చీలో కూర్చుని తన పేరు చెప్పబోతున్నారు.

"మరి ఎవరు చెప్పారు మేడమ్?" అని హన్నా అడిగింది. "ఇది ఆయనకి ఎలా తెలిసింది?"

"పటం చూస్తే తెలిసేది కాదు. ఆయన అసలు చూడనే లేదు" అన్నారు రామతులసి గారు, ఒక్కొక్క మాటే పేర్చినట్టు. "రెండో గీత వల్ల ఏం జరుగుతుందో, అచ్చులో ఏం వస్తుందో ఎవరో విడమరిచి చెప్పాలి. చెప్పాలంటే ముందు వాళ్లకి అర్థమై ఉండాలి. మంగళవారం ఈ క్లాసులో అది పూర్తిగా అర్థమైంది ముగ్గురికే."

హన్నా లెక్క వేసుకోవడం సుబ్బరత్నానికి కనబడింది. పెదవులు కదలలేదు గాని కళ్లు మేడమ్ దగ్గర ఆగి, తన చేతుల మీద ఆగి, నెమ్మదిగా ఇటు తిరిగాయి.

"అక్కా."

సుబ్బరత్నం తలెత్తింది.

"మేడమ్ అన్నది నిజమైతే నువ్వో నేనో అవ్వాలి. నేను కాదు. నువ్వు కాదను. నీ నోటితో ఒక్కసారి అను. నువ్వంటే నేను ఇంకెవరినీ అడగను. నాకీ ఉద్యోగం చూపించింది నువ్వు. ఈ క్లాసులో కూర్చోబెట్టింది నువ్వు."

నిజం చెప్పేయాలనే అనుకుంది సుబ్బరత్నం. ఆ తరవాత ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నా, ఆ క్షణంలో తను నిజం చెప్పాలనే నోరు తెరిచానని ఆమెకి గట్టిగా అనిపించేది. తీరా తెరిచాక వచ్చింది వేరు.

"నేను కాదు హన్నా" అంది.

హన్నా ఊపిరి వదిలింది. లేచి వచ్చి సుబ్బరత్నం చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. ఆ అరచేతులు చెమటతో తడిగా, వెచ్చగా ఉన్నాయి. "నాకు తెలుసక్కా. అయినా అడిగాను, ఏమనుకోకు. మిగతా నలుగురిలో ఎవరో వాగుంటారు. కంకిపాడు పోతే పోతాను, అదేం చావు కాదు. కానీ సోమవారం ఆ మీటింగులో నుంచోబోయేది నువ్వు. నీ మాట వాళ్లు కొట్టెయ్యరు. రెండో గీత నువ్వు గియ్యి. ఆయన వద్దన్నా గియ్యి. మా నాన్న లాంటివాళ్లు అక్కడికి రాలేరు గదా."

సుబ్బరత్నం తల ఊపింది. ఏమిటో ఊపింది. హన్నా చాలనుకుని తన సంచీ భుజాన వేసుకుని, రామతులసి గారి ముందు ఆగి, "తప్పుగా మాట్లాడాను మేడమ్, మనసులో పెట్టుకోకండి" అని దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు కిందిదాకా వినబడింది.

అది పూర్తిగా ఆగిపోయేదాకా రామతులసి గారు కదలలేదు. ఆగిపోయాక వెళ్లి తలుపు దగ్గరికి వేసి, గొళ్లెం పెట్టారు. తిరిగివచ్చి సుబ్బరత్నం ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"వెంకటసుబ్బారావు గారు బుధవారం సాయంత్రమే మీ పేరు చెప్పారు" అన్నారు. కోపం లేదు. అదే సుబ్బరత్నాన్ని భయపెట్టింది. "మీ పేరు రాసిన సిఫారసు మీద నేను సంతకం పెట్టి, సిరా ఇంకా ఆరకముందు చెప్పారు. నమ్మకమైన మనిషి, పొద్దున్నే వచ్చి నన్ను జాగ్రత్తపరిచింది, అన్నారు మెచ్చుకోలుగా. ఆ కాగితం అక్కడే చింపెయ్యొచ్చు. చింపలేదు. ఆ పిల్ల ముఖం చూస్తూ మీరేమంటారో తెలుసుకోవాలని ఈ రెండు రోజులూ ఆగాను. ఇప్పుడు తెలిసింది."

సుబ్బరత్నం చేతిలోని పెన్సిలు బల్ల మీద పెట్టేసింది.

రామతులసి గారు బల్ల మీద తెల్లకాగితం ఒకటి పరిచి, పెన్సిలు తీసి ఆమె ముందు పెట్టారు.

"కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. దాన్ని హైదరాబాదు పంపడమో మానడమో ఇంకా నా చేతిలోనే ఉంది" అన్నారు. "పొలం గడి మీరే గియ్యండి, సుబ్బరత్నం గారూ. అందులోంచి గీతలు ఎన్నో కూడా మీరే చెప్పండి."